అన్న అంగీ, తమ్ముని మందు

జర దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను, నా మాట నిదానంగానే నడుస్తుంది. మొన్న మా దంతాలపల్లి దవాఖానలో మునిమనుమరాలికి టీకా వేస్తుంటే, మా ఇంటాయన ఆ చిన్న చేతిని పట్టుకొని, "ఏడ్వకు బిడ్డా, గా మందు నేను గూడ తీసుకున్న" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వుతో పాటు కండ్లు తడిసినవి.

కొన్నేండ్ల కిందట పత్తి ఏరే కాలంలో ఆయన మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు గనుక వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగుతూ నాకు చెప్పకుండా దాచాడు. ఆఖరికి ధోతి మీది మరక నాకు చెప్పింది. ఆయన భయమంతా డోర్నకల్‌లో ఉండే అన్నను చూసి. క్యాన్సర్ వచ్చి ఆ అన్నకు మూత్రసంచి తీసేసి, మూత్రం పడేందుకు పొట్ట పక్కన వేరే సంచి తగిలించారు.

పట్నం దవాఖానలో లోపలికి కెమెరా పంపి గడ్డను గీకి, ముక్కను పరీక్షకు పంపారు. ఈయనకూ క్యాన్సరేనని తేలాక, పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకా మందునే వారానికొకసారి మూత్రసంచిలోకి ఎక్కిస్తామన్నారు. ఆయన మంచం దిగి చెప్పులు తొడుక్కున్నాడు.

"అన్నకు గంత పెద్ద ఆపరేషన్, నాకు చంటిపిల్లల మందా? గరీబోన్నని గిట్ల సరిపెడుతున్నరు. నడువే, ఇంటికి పోదాం."

సంచి వద్దని ఏడ్చిన మనిషే, సంచి లేదంటే అలిగాడు!

నర్సమ్మ అడ్డం నిలబడి, "తాతా, మీ అన్న అంగీ నీకు పడుతదా?" అనడిగింది.

చిన్నప్పటి నుంచి అన్న విడిచిన అంగీలే తొడిగిన మనిషి. ఆ రోజు వంటి మీదున్నది కూడా అన్నదే, భుజాల మీది నుంచి జారుతున్నది.

"కనబడుతలేదా బిడ్డా?"

"మందు గూడ గంతే. మీ అన్నకు గడ్డ కండలకు దిగింది, నీకు పైపొర మీదనే ఉన్నది. నీ ముక్క చూసి నీ కొలతకు రాసిన మందు గిది."

ఆయన చెప్పులు విడిచాడు.

మందు ఎక్కించాక రెండు గంటలు మూత్రం ఆపుకొని, పక్కలు మారుస్తూ పడుకోవాలి. తిప్పేది నేనే. "నేనేమన్న జొన్నరొట్టెనా, గిట్ల తిప్పుతున్నవ్?" అంటే, "కాలేదాక తిప్పుత, పండుకో" అన్నాను.

ఇప్పటికీ కొన్ని నెలలకొకసారి కెమెరాతో చూస్తారు. ఇంతవరకు శుభ్రంగా ఉంది. బావగారు కూడా తన సంచితోనే మనుమరాలి పెండ్లిలో పందిరంతా కలియతిరిగాడు. మా మామగారు మాత్రం ఎర్రగా పడుతుంటే వేడి, వేడి అంటూనే పోయాడు. ఆ కాలంలో ఊరందరికీ ఒకటే వేడి, ఒకటే బార్లీ నీళ్లు. ఆయనకు ఏ పొరలో ఏముండెనో చూసినవారే లేరు.

మీ ఇంట ఎవరి కొలత మందు వారికి దొరకాలి, మరక కనిపించిన నాడే మీవాళ్లు నోరు విప్పాలి, మీ గడప చల్లగుండాలి.