దగ్గు దయ్యం ముఖం

మా అక్క కాపురం చేసిన నందిగామ ఇంట్లో, ముందు గదిలో పటాలు ఉండాల్సిన గోడ నిండా ముఖాలు ఉండేవి. కొయ్యవి, కాగితం గుజ్జువి, ఒకటో రెండో తోలువి. ఏయే దేశాల్లోనో జాతరల్లో, పూజల్లో, ఆటల్లో మనుషులు తమ ముఖానికి కట్టుకునేవి. వాటిని మా బావగారు సేకరించేవారు. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. యుద్ధం రోజుల్లో సైన్యంలో రోడ్ల ప్లాన్లు గీసే పని మీద సింహళం, ఆ తర్వాత బర్మా వెళ్ళి వచ్చారు. తోటివాళ్ళు వాచీలూ ఫౌంటెన్ పెన్నులూ తెచ్చుకుంటే ఈయన గోనెసంచిలో మూడు ముఖాలు తెచ్చుకున్నారు. ఆ సంగతి పెళ్ళిచూపులనాడే తెలిసినా, మనిషి నెమ్మదైనవాడని మా నాన్న పట్టించుకోలేదు.

యాభైల చివర్లో నేను టీచరు ట్రైనింగు ముగించుకుని, జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. అప్పుడే అక్కకు దగ్గు పట్టుకుంది. వానలో తడిసిన దగ్గేలే అనుకున్నారు. వేసవి వచ్చినా తగ్గలేదు. బెజవాడ తీసుకెళ్ళి ఎక్స్‌రే ఫోటో తీయిస్తే క్షయ అన్నారు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి, సూదులూ మాత్రలూ రాసిచ్చి, మంచి తిండి పెట్టమని చెప్పి ఇంటికి పంపేశారు. బావగారి తల్లి, అంటే మా అత్తయ్య, పెద్దావిడ. ఒక్కతే చేసుకోలేదని నన్ను పంపించారు. మా నాన్న బస్సు దాకా వచ్చి, ట్రంకుపెట్టె పైకెక్కించి, "దాని గ్లాసు విడిగా పెట్టు. దగ్గరగా పడుకోకు. అట్లా చేస్తున్నట్టు మాత్రం దానికి తెలీనీకు" అన్నాడు. బస్సు కదిలేదాకా తల ఎత్తి నా వంక చూడలేదు.

నేను వెళ్ళేటప్పటికి అక్క మంచం ముందు గదిలోనే ఉంది. గాలి బాగా వచ్చేది అక్కడే. పడుకుంటే ఎదురుగా గోడ మీది ముఖాలన్నీ కనిపిస్తాయి. అదే అత్తయ్యకు పడేది కాదు.

"నట్టింట్లో ఇన్ని దయ్యాల మొహాలు పెట్టుకుంటే ఆడదానికి ఒళ్ళు బాగుంటుందా? తీసుకెళ్ళి మునేట్లో కలిపి రారా అబ్బాయ్" అనేది రోజూ.

"జబ్బు ఊపిరితిత్తుల్లో ఉందమ్మా. గోడ మీద లేదు" అనేవారు బావగారు.

"ఉండనీండి అత్తయ్యా. పొద్దస్తమానం మంచంలో పడుండేదాన్ని. అవి కూడా తీసేస్తే దేన్ని చూస్తూ పడుకోను?" అనేది అక్క.

అక్క వైపు నుంచి ఆ మాట వచ్చాక అత్తయ్య ఇంక ఏమీ అనలేక వంటింట్లోకి పోయేది. ఇరుగుపొరుగు కూడా రావడం తగ్గించేశారు. పక్కింటావిడ మజ్జిగ కోసం వచ్చినా గుమ్మం బయటే నిలబడేది. ముఖాలకు భయపడి అట్లా నిలబడిందో, జబ్బుకు భయపడి నిలబడిందో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చి టీ తాగాక బావగారు గోడ మీంచి ఒక ముఖం తీసి, అక్క పక్కన దుప్పటి మీద బోర్లా పెట్టేవారు. "ముందు లోపల చూడాలి" అనేవారు. "పైన రంగు ఎవరైనా వేస్తారు. మనిషి కట్టుకున్నదీ లేనిదీ లోపలే తెలుస్తుంది." నుదురు తగిలేచోట చెమటకు కొయ్య నల్లబడి నునుపు తేలుతుందనీ, తాడు కట్టే చిల్లులు ఒకవైపుకి అరుగుతాయనీ, దొరలకు అమ్మడానికి చేసినవైతే లోపల ఉలి గీతలు తాజాగా ఉంటాయనీ ఆయన చెప్పగా విన్నాం. మద్రాసు మూర్‌మార్కెట్టులో కొన్నవాటిలో సగం అట్లాంటివేనని ఆయనే ఒప్పుకునేవారు. జావా నుంచి ఒక సిపాయి తెచ్చిచ్చిన ముఖానికి అసలు తాడే లేదు. లోపల తోలు పట్టీ ఉంది. దాన్ని పళ్ళతో కరిచి పట్టుకోవాలట. ఆ పట్టీ మీద పళ్ళ గుర్తులు ఉన్నాయి. అక్క వాటి మీద వేలు పెట్టి చూసి, "వీడికి ముందు పన్ను ఒకటి లేదు" అంది. అప్పటిదాకా బావగారు కూడా అది గమనించలేదట.

శ్రావణంలో జబ్బు ముదిరింది. ఒకరోజు దగ్గితే గళ్ళలో నెత్తురు పడింది. అక్క దాన్ని చూసి, గిన్నె నాకిచ్చి గోడవైపుకి తిరిగి పడుకుంది. కాంపౌండరు సూది వేసి పోయాడు. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం, అత్తయ్య పురాణం వినడానికి వెళ్ళినప్పుడు, అక్క ఉన్నట్టుండి అడిగింది.

"ఏవండీ, ఇన్ని ఉన్నాయి కదా. దగ్గుకి ఏదీ లేదా?"

బావగారు లేచి, పై వరసలోంచి సింహళం ముఖం తీశారు. పసుప్పచ్చ ముఖం, ఉబ్బిన కళ్ళు, ముక్కు దగ్గర్నుంచి పెదవి దాకా తెల్లటి గీత.

"అక్కడ జబ్బుకొక దయ్యం ఉంటుంది" అన్నారు. "చెవుడుకొకటి, గుడ్డితనానికొకటి, వాంతులకొకటి. ఇది శ్లేష్మానిది. వాళ్ళూ శ్లేష్మమనే అంటారు. జబ్బుమనిషిని పందిట్లో కూర్చోబెడతారు. ఒకడు ఇది కట్టుకుని దయ్యంలాగా వస్తాడు. డోలు వాయించేవాడు నువ్వెవరు, ఎందుకొచ్చావని నిలదీస్తాడు. వీడు వంకర సమాధానాలు చెప్తాడు. అందరూ నవ్వుతారు. జబ్బుమనిషి కూడా నవ్వుతాడు. చివరికి పెట్టింది పుచ్చుకుని, ఇంక రానని ఒట్టేసి పోతాడు."

"పోతాడా?"

"నేను చూసినప్పుడు ఒక ముసలాయనకి చేశారు. మర్నాడు మా దళం అక్కణ్ణించి కదిలింది. ఏమైందో తెలీదు."

అక్క చెయ్యి చాచి ఆ ముఖాన్ని తాకి చూసింది. "మీరు కట్టుకోండి ఓసారి."

ఆ ఇంట్లో ఎవరూ ఏ ముఖమూ కట్టుకోగూడదని ఆయన నియమం. ఒకళ్ళు పూజకు వాడుకున్నది మనం సరదాకు పెట్టుకోగూడదనేవారు. ఇప్పుడూ అదే మాట అన్నారు.

"సరదాకి కాదు" అంది అక్క.

ఆయన ముఖం కట్టుకున్నారు. తాడు ముడి నేనే వేశాను. పంచె, తెల్ల చొక్కా, పైన ఆ పసుప్పచ్చ ముఖం. అక్క నన్ను డోలువాడి పని చేయమంది. ఇత్తడి బేసిను తెచ్చుకుని, వేళ్ళతో కొడుతూ, నవ్వాలో ఏడవాలో తెలీక అడిగాను.

"ఎవరు నువ్వు?"

"శ్లేష్మాన్ని." లోపల్నుంచి గొంతు వేరే మనిషిదిలా వచ్చింది.

"ఎట్లా వచ్చావు?"

"జగ్గయ్యపేట బస్సులో."

అక్క నవ్వింది. నవ్వుతూనే, "టిక్కెట్టు కొన్నావా?" అని మంచంలోంచి అడిగింది.

"కొనలేదు. పైన ట్రంకుపెట్టెల మధ్య కూర్చున్నా."

నవ్వు దగ్గులోకి తిరిగింది. నేను వీపు నిమిరాను. దగ్గు ఆగాక అక్కే, "ఏం కావాలో అడగవే. ఇచ్చి పంపించేద్దాం" అంది.

"ఏం కావాలి నీకు?" అన్నాను.

ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆయనా నవ్వుతున్నారనుకున్నాను. కాసేపటికి, "ఏమీ వద్దు. పోతాను" అని, ఆ ముఖంతోనే దొడ్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. ముఖం చేతిలో ఉంది. ఆయన మొహమూ జుట్టూ నీళ్ళతో తడిసి ఉన్నాయి.

"ఒట్టేశాడా?" అని అడిగింది అక్క.

"వేశాడు" అన్నారు.

చలికాలానికి అక్క నిజంగానే తేరుకుంది. సూదులు పని చేస్తున్నాయన్నాడు కాంపౌండరు. తన మొక్కు వల్లేననుకుంది అత్తయ్య. ఆ ఆదివారం సంగతి ముగ్గురం ఎప్పుడూ ఎత్తుకోలేదు. అక్క గోంగూర పచ్చడి అడిగి వేయించుకుని తినేది. గోడ పట్టుకుని అరుగు దాకా వచ్చి ఎండలో కూర్చునేది.

అప్పుడే వీరులపాడు అవతల ఒక ఊళ్ళో భాగవతాలాడే వాళ్ళ ఇంట్లో పాత నరసింహస్వామి ముఖం ఉందని కబురొచ్చింది. దాన్ని కట్టుకుని ఆడే ముసలాయన ఇక ఆడలేడు. కొడుకులకు ఆ పని అక్కర్లేదు. దీపం పెట్టి చూసుకునేవాళ్ళకు ఇస్తానంటున్నాడు. బావగారు వెళ్ళడానికి వెనకాడారు. అక్కే పంపించింది.

"వెళ్ళి రండి. బాగానే ఉన్నాగా. నాకూ చూడాలనుంది."

శనివారం బడి అయ్యాక వెళ్ళారు. ఆ పూట తిరుగు బస్సు లేదు కనక రాత్రికి అక్కడే ఉండాలి. ఆదివారం పొద్దున నేను అక్కకు జడ వేస్తున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, చేత్తో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు వచ్చింది. అంత నెత్తురు మనిషిలో ఉంటుందని నాకు తెలీదు. అత్తయ్య అక్క తల పట్టుకుంది. కాంపౌండరు కోసం పక్కింటాయన పరిగెత్తాడు. అతను వచ్చేటప్పటికి చేయడానికి ఏమీ లేదు. సగం అల్లిన జడ నా చేతిలోనే ఉంది.

బావగారు బండిలో పెద్దరోడ్డు దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి, మధ్యాహ్నానికి దిగారు. వీధిలో జనం ఉన్నారు. ఆయన చంకలో పసుపు గుడ్డలో చుట్టిన మూట. ఎవరూ ఆయనకు ఎదురెళ్ళలేదు. మూట అరుగు మీద పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అక్క పక్కన కూర్చుని, జడ పూర్తి చేశారు. ఆయనకు జడ వేయడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

మైల తీరేదాకా ఆ మూటను పక్కింటివాళ్ళు పెట్టుకున్నారు. తర్వాత అత్తయ్య తలస్నానం చేసి, తనే వెళ్ళి తెచ్చి, దేవుడి గూట్లో పెట్టి దీపం వెలిగించింది. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే, "ఇది వాటిల్లోది కాదే. ఇది దేవుడు" అంది. బావగారు మాత్రం ఆ ముఖాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు. తిప్పి లోపల చూడలేదు. గోడ మీద ఉన్నవన్నీ ఒకరోజు దించి, పాత పంచెల్లో చుట్టి, హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయనకు ఇచ్చేశారు. సింహళం ముఖం కూడా వాటితోనే పోయింది. ఆ వచ్చినాయన ఏది ఏ దేశానిదని అడుగుతుంటే, "మీకే తెలుస్తుందండి" అని ఊరుకున్నారు.

ఏడాది తిరిగాక మా నాన్నా అత్తయ్యా కూర్చుని, నన్ను బావగారికిచ్చి చేద్దామని మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. బావగారు జగ్గయ్యపేట వచ్చి, మా పెరట్లో నిలబడి నాతో విడిగా మాట్లాడారు.

"నీకిష్టం లేకపోతే చెప్పమ్మాయ్. నేనే వద్దన్నానని చెప్తా. నీ మీదికి రానివ్వను."

"మీకిష్టమేనా బావగారూ?"

ఆయన ఎండబెట్టిన మిరపకాయల వంక చూస్తూ, "అమ్మకి చూసేవాళ్ళు కావాలి" అన్నారు.

నేను సరేనన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. అక్క వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఆయన ఎట్లా తింటున్నారో, ఎట్లా ఉంటున్నారో అన్న ధ్యాస ఎప్పుడూ ఉండేది. అది ఇష్టమో జాలో నాకిప్పటికీ తెలీదు. మేళం లేకుండా పెళ్ళి జరిగింది. పెళ్ళయ్యాక కూడా ఆయన్ను బావగారనే పిలిచాను.

నాకు జి.కొండూరులో ఉద్యోగమొచ్చింది. ఆయన కూడా అటువైపే బదిలీ చేయించుకున్నారు. అక్కడ అద్దె ఇంట్లో మేం ముగ్గురం, గూట్లో నరసింహస్వామి. ఆయన నన్ను ఒక్క మాట అని ఎరగరు. అక్క పేరు మాత్రం ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తేదాన్ని కాదు. దాంతో మాట్లాడుకోవడానికి మాకు పెద్దగా ఏమీ ఉండేది కాదు.

రెండో చలికాలంలో నాకు జలుబు చేసి దగ్గు పట్టుకుంది. మూడు రోజులు చూసి, నాలుగో పొద్దున ఆయన పొయ్యి ఆర్పించి, చీర మార్చుకోమని, మొదటి బస్సుకే బెజవాడ తీసుకెళ్ళారు. ఫోటో తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, ఏమీ లేదు, మామూలు దగ్గే అన్నాడు. బావగారు ఇంకోసారి చూడమన్నారు. డాక్టరు ఇంకోసారి చూసి అదే మాట అన్నాడు.

తిరుగు బస్సులో ఆ ఫోటో కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొండపల్లి దాటాక, కిటికీ వైపు చూస్తూ, "మొదటి వానలప్పుడే తీసుకెళ్ళుంటే బతికేది" అన్నారు. పెళ్ళయ్యాక అక్క గురించి ఆయన అన్న మొదటి మాట అది.

"అప్పుడు ఎవరికి తెలుసు బావగారూ" అన్నాను.

ఆయన తల ఊపారు కానీ ఒప్పుకోలేదని నాకు తెలుసు. ఇంటికి చేరేటప్పటికి అత్తయ్య అన్నం తినకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. ఏమన్నారని అడగడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. ఏమీ లేదన్నారత్తయ్యా అని నేనే చెప్పి, కాళ్ళు కడుక్కుని, ముగ్గురికీ కంచాలు పెట్టాను.