గోతికి రెండంగుళాలు

ఆ వీధిలో ఆమెని అందరూ రెండంగుళాలమ్మ అంటారు. కుట్టేది గౌనైనా చొక్కా అయినా లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదలందే ఆమెకి చెయ్యి ఆడదు. నేనేం లావెక్కనులెండి అని మూతి తిప్పుకుని పోయినవాళ్లే ఏడాది తిరిగేసరికి ఆ గౌనే పట్టుకొచ్చి, కాస్త వదులు చెయ్యమని నసుగుతారు. అప్పుడామె నవ్వుతుందంతే. ఆ నవ్వుకంటే నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండుననిపిస్తుంది వాళ్లకి.

ఈ అలవాటు అత్తగారు నేర్పింది. కుట్టుమిషనూ అత్తగారిదే. సూదిలో దారం ఎక్కించలేనంతగా కళ్లు మసకబారాక ఆ పెద్దావిడ షాపు కోడలికి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం కూడా తప్పే. నలభై ఏళ్లు పనిచేసిన చేతులు ఊరికే ఉంటాయా? గిన్నెలు సర్దబోయి రెండు పగలగొట్టింది, బట్టలు మడతపెట్టబోయి అందరివీ కలగాపులగం చేసింది. చివరికి తనకి తానే ఒక ఉద్యోగం ఇచ్చుకుంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి కోడలికి కారియర్ తెచ్చివ్వడం. ఇంటినుంచి గోడ తడుముకుంటూ తొంభై అడుగులు లెక్కపెట్టి, అక్కడ గోడ వదిలి రోడ్డు దాటితే షాపు.

సరిగ్గా ఆ దాటేచోటే గొయ్యి పడింది.

మొదట పళ్లెమంత ఉండేది. రెండు వానలకి గంగాళమంత అయింది. ఒక స్కూటరు బోల్తా కొట్టింది, పాలాయన మోకాలు చీరుకుపోయింది. మిగతా వీధంతా తిట్టుకుంటూ పక్కనుంచి తిరిగి పోయేది. తిరిగి పోవడానికి ముందు అది కనపడాలి కదా! కోడలు రోజూ ఒంటిగంటకి మిషను ఆపి, ఏదో పనిమీద వచ్చినట్టు గోతి పక్కన నిలబడేది. చెయ్యి పట్టుకుంటే మాత్రం అత్తగారికి ఎక్కడలేని కోపం. నాకు దారి చూపించేంత దానివయ్యావా అని విదిలించుకునేది.

ఒకరోజు కోడలు ఎవరికో కొలతలు తీస్తూ ఆలస్యం చేసింది. అత్తగారి కాలు గోతి అంచున జారింది. కారియర్ దొర్లిపోయింది, మనిషి ఎలాగో నిలదొక్కుకుంది. ఆ సాయంత్రం కొడుకు తేల్చిచెప్పేశాడు, గొయ్యి పూడేదాకా అమ్మ గడప దాటడానికి వీల్లేదని. మర్నాడు ఒంటిగంటకి పెద్దావిడ ఖాళీ కారియర్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుందని పక్కింటావిడ వచ్చి చెప్పింది.

కోడలు వెంటనే టేపు తీసుకుని రోడ్డుమీదికి వెళ్లింది. పొడవు, వెడల్పు, లోతు కొలిచి కాగితం రాసి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంది. నాలుగోరోజే ఇంజనీరు వచ్చాడు, ఆ మాట చెప్పుకోవాలి. వచ్చి తన టేపుతో కొలిచి మొహం చిట్లించాడు. నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ రాశారట.

"పెంచి రాయలేదండీ. మీరు పూడ్చేసరికి అది పెరుగుతుంది. అందుకని వదిలాను," అంది.

"పెరగడానికి ఇదేమన్నా చిన్నపిల్లా?" అని నవ్వేశాడు. చెడ్డవాడేం కాదు. కొలతలు కలవకపోతే ఫైలు వెనక్కొస్తుందని, ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాసిమ్మని నచ్చజెప్పాడు. ఫైలు వెనక్కొస్తే అత్తగారు ఇంకెన్నాళ్లు గుమ్మంలో కూర్చోవాలి? మనసు చంపుకుని రాసిచ్చింది. జీవితంలో మొదటిసారి లోపల ఏమీ వదలకుండా ఇచ్చిన కొలత అది. సంతకం పెడుతుంటే దొంగపని చేస్తున్నట్టనిపించింది.

మూడు వారాలకి లారీ వచ్చింది. ఈలోగా మరో రెండు వానలు పడ్డాయి. లారీ చప్పుడు వినగానే కోడలు గొయ్యి పూడుస్తున్నారని ఇంటికి కబురు పంపింది. అక్కడ పెద్దావిడ అప్పుడే చెప్పులు వేసుకుని కూర్చుందట. ఇక్కడేమో తారు కంకర అంతా పోసి రోలరు తిప్పాక, ఇంటివైపు అంచున బెత్తెడు వెడల్పున సందు మిగిలిపోయింది. కాగితంలో ఉన్న కొలతకే సరుకు ఇచ్చారని మేస్త్రీ చేతులు దులిపేసుకున్నాడు. పని పూర్తయిందని సంతకం కోసం లారీ వెంట వచ్చిన ఇంజనీరు కాగితం చాపాడు. పెట్టనంది. మిగిలిందానికి కొత్త ఫిర్యాదు ఇవ్వాలన్నాడు. ముందే చెప్పానుగా అంది. మాటామాటా పెరిగింది. ఆ గొడవలో ఒంటిగంట అయిన సంగతే ఆమెకి తెలియలేదు. తల తిప్పి చూసేసరికి అత్తగారు అప్పటికే గోడ వదిలేసింది.

కోడలు పరుగెత్తింది, వెనకాలే ఇంజనీరూ. వాళ్లు చేరేలోపే పెద్దావిడ ఆగింది. ఒకసారి జారిన కాలు కదా, ముందుగా చెప్పు కొసతో నేలని తడిమి చూసుకుంది. కారియర్ కింద పెట్టి, మెల్లగా వంగి, ఆ సందు అంచు పొడవునా వేళ్లతో నిమిరింది. బట్ట కుట్టు చూసేటప్పుడు అలాగే నిమిరేది.

"ఎవరమ్మా ఇది కత్తిరించింది? లోపల ఏమీ వదల్లేదు," అంది.

ఇంజనీరు చేతిలోని సంతకం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నోటుపుస్తకం తీసి, గొంతు తగ్గించి, "ఎంత వదలమంటారు, పెద్దమ్మగారూ?" అని అడిగాడు.

"నా కోడల్ని అడుగు నాయనా. కొలతలు ఇప్పుడు తనే చూస్తోంది."

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండంగుళాలని ఇంజనీరుకి రెండు వేళ్లు చూపించింది. పెద్దావిడ కారియర్ అందుకుని లేచి నిలబడింది. రెండో చెయ్యి తనే చాపింది, రోడ్డు దాటించమని.