మైకుసెట్టు మనిషికి జీన్ల పాఠం

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, నేను నోరు తెరిస్తే చాలు లోకం నోట్సు రాసుకుంటుందని గట్టిగా నమ్మేదాన్ని. జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ అయిన మరుసటి నెలే నిజామాబాద్‌లో ఒక సర్జన్ డాక్టరమ్మ దగ్గర, రోగులకు రిపోర్టులు వివరించే ఉద్యోగం దొరికింది. (అదేం చదువని ఎవరైనా అడిగితే మా అవ్వ ‘రోగాల చదువు’ అని తేల్చేసేది.)

ఒక పొద్దున మోస్రా నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చే మనిషి. ఆమె రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది, కానీ వైద్యానికి హైదరాబాద్ పోనంటే పోనని కూర్చుంది. ఒప్పించే పని డాక్టరమ్మ నాకు అప్పగించింది. నేను గొంతు సవరించుకొని, జీన్ ఆంప్లిఫికేషన్ అనీ ఎపిజెనెటిక్ రెగ్యులేటర్లనీ కాగితం నిండా గీతలు గీశాను. ఆమె గోడవైపు చూస్తోంది. ఆయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఆంప్లిఫయర్ ఖరాబైందా మేడం?”

నా చదువుకు అవమానం జరిగిందనిపించింది. అయినా వేరే దారిలేక ఆయన భాషలోకే దిగాను. “కణాన్ని పెరగమని చెప్పే జీన్ ఒకటుంటదన్నా. రెండు కాపీలే ఉండాలె. ఈ గడ్డల చానా అయినయి.”

“రెండు స్పీకరు డబ్బాలు కట్టే కాడ ఊరంత కట్టిండ్రన్నట్టు.”

“అవును. ఇగ, పెరుగుడు ఆపే జీన్లు కూడ ఉంటయి. అవి చెడిపోలే. కానీ జీన్లను తెరిచి మూసే ఏర్పాటే గాడితప్పి, వాటిని మూసిపెట్టింది.”

“స్విచ్చి మంచిగనే ఉన్నది, మీద టేపు చుట్టిండ్రు,” అని ఆయన భార్యకు చెప్పాడు. (రెండేళ్లు చదివిన నాకు ఆ మాట తట్టలేదు.)

అప్పుడు ఆమె మొదటిసారి నోరు విప్పింది. “ఎవలు చుట్టిండ్రు? నేనేనా? చిన్నదానికి పాలు జల్ది మాన్పించిన. గందుకే అచ్చిందని మా అత్త అంటది. ఏం ముఖం పెట్టుకొని పోవాలె పట్నం?”

నేను గీతల కాగితం పక్కన పెట్టేశాను. “ఎందుకట్ల అయితదో పెద్ద డాక్టర్లకే పూరా తెల్వదక్కా. నువ్వు పాలు మాన్పినందుకే అచ్చిందని ఎవ్వలూ చెప్పలేరు. నీ తప్పు కాదు,” అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “గీ మాట ముందుగాల చెప్పకపోతివి. అచ్చినకాడికెల్లి గీతలు గీస్తున్నవు.”

వారం తిరక్కుండా పట్నం పోయింది. ఆపరేషను, మందులు, ఎక్కువైన ఆ జీన్ పనికి అడ్డుపడే సూదులు, అన్నీ అయ్యేసరికి ఏడాది దాటింది. తర్వాతొకసారి వచ్చి, మందులకు రాలిపోయి కొత్తగా మొలిచిన ఉంగరాల జుట్టును నా చేత ముట్టించి మురిసిపోయింది.

అప్పుడు ఆ ఉద్యోగంలో చేరిన అమ్మాయి, అంటే ఆనాటి నేనే, ఇప్పుడు ఎదురుపడితే కోప్పడను. పక్కన కూర్చోబెట్టుకొని చాయ్ పోస్తాను. చదువు పట్టా ఇంకా నలగనైనా నలగని పిల్ల, ఆమెకు మాత్రం ఏం తెలుసు పాపం.