అత్తయ్యగారి ప్రార్థనలో నా పేరు

ఆ రోజుల్లో కోపమంటే నాకు తెలిసింది ఒక్కటే రకం, అరిచేది. మా పుట్టిల్లు మండపేటలో రైసుమిల్లు పక్కనే. ఆ మోతలో 'అన్నం పెట్టనా' అని అడగాలన్నా అరవాల్సిందే, ఇక కోపం సంగతి చెప్పేదేముంది! అరిచేసేవాళ్ళం, అక్కడితో అయిపోయేది, అందరం కలిసి అన్నం తినేవాళ్ళం. పెళ్ళికి ముందు మా పాస్టరుగారు నన్ను కూర్చోబెట్టి, "కోపం రావడం తప్పు కాదమ్మా. వస్తే మనుషుల మీద చూపించకుండా ప్రభువు పాదాల దగ్గర పెట్టెయ్యి" అని చెప్పారు. "ఆయ్" అని తలూపాను గానీ, ఎలా పెట్టాలో, పెట్టాక అది అక్కడే ఉంటుందో మళ్ళీ మన వెనకే వచ్చేస్తుందో అడగలేదు.

రాజోలులో అత్తవారింట్లో ఉండేది ముగ్గురం, అత్తయ్యగారు, మా ఆయన, నేను. ఆ ఇంట్లో గొంతు పెంచి మాట్లాడినవాళ్ళే లేరు. నా పులుసు ఎలా ఉన్నా అత్తయ్యగారు మాట్లాడకుండా తినేవారు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం నా పేరు తప్పకుండా వచ్చేది. "ప్రభువా, కొత్తగా వచ్చిన ఈ బిడ్డకి పులుసులో ఉప్పెంత వెయ్యాలో జ్ఞానం దయచెయ్యి తండ్రీ. తెల్లారేక కూడా పక్క దిగబుద్ధి కాదు దీనికి, నీ బలమైన హస్తంతో లేపు తండ్రీ" అనేవారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని అందరికంటే పెద్దగా 'ఆమెన్' అనేదాన్ని. (మా ఆయనకి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చేది. రాజోలు నీళ్ళు పడలేదనుకునేదాన్ని, ఆయన పుట్టి పెరిగిందే అక్కడైనా.) నాన్నకి ఫోన్ చేసి, "రోజూ నా కోసం పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నారు నాన్నా!" అని మురిసిపోయాను కూడా.

ఒక ఆదివారం చర్చి నుంచి బండి మీద వస్తూ, "అత్తయ్యగారికి నేనంటే ఎంత ప్రేమండీ! ఒక్కసారి కూడా తిట్టలేదు" అన్నాను. ఆయన కాలవగట్టు మీద బండి ఆపేశారు.

"రోజూ తిడుతూనే ఉంది కదే!"

"ఎప్పుడండీ?"

"ప్రార్థనలో. నువ్వేమో ఆమెన్ అంటన్నావు. నేనేమో నవ్వాపుకోలేక చస్తన్నాను."

ఇల్లు చేరేదాకా నాకు బుర్ర పనిచెయ్యలేదు. అడుగుదామంటే, 'నిన్నేమన్నానమ్మా, దేవుడితో కదా చెప్పుకున్నాను' అంటారు. అదీ నిజమే. పాస్టరుగారు చెప్పినట్టే చేస్తున్నారావిడ. మరి ప్రభువు పాదాల దగ్గర పెట్టిన కోపం నా నెత్తిన ఎందుకు పడుతోంది? పైగా నా మీద ఫిర్యాదులన్నిటికీ ఆమెన్ అని నేనే ఒప్పుకున్నాను కదా, దేవుడేమనుకుంటాడు? నా మీద ఆవిడకి ఉన్నది ప్రేమా, కోపమా? ఏదీ తేలక, పుట్టింటికి వెళ్ళిపోదామని సంచీలో బట్టలు పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

ఆ సాయంత్రమే అత్తయ్యగారు, "ఇవాళ నువ్వు చెయ్యమ్మాయ్ ప్రార్థన" అన్నారు. నేనూ ఆవిడలాగే మెత్తగా, 'ప్రభువా, పెద్దవాళ్ళకి...' అని మొదలెట్టి నాలుగు చురకలు అంటించాలనుకున్నాను. కళ్ళు మూసుకోగానే ఆ మాటలన్నీ ఎగిరిపోయి మండపేట గొంతు బయటికొచ్చేసింది.

"ప్రభువా, నాకు అత్తయ్యగారి మీద కోపం వచ్చింది! ఉప్పు తక్కువైతే నాతో చెప్పొచ్చు కదా, నీకెందుకు చెప్పడం? నువ్వొచ్చి వేస్తావా? నాకు చాలా బాధగా ఉంది. ఇక్కడ ఉండాలో వెళ్ళాలో కూడా తెలియట్లేదు."

పక్కింటి కుక్క మొరిగింది. మా ఆయన దగ్గు కూడా ఆగిపోయింది. ప్రార్థన ఎలా ముగించాలో మర్చిపోయి, కళ్ళు తెరిచే ధైర్యం లేక అలాగే కూర్చున్నాను. ఎంతసేపటికీ ఎవరూ ఆమెన్ అనలేదు. చివరికి అత్తయ్యగారి గొంతు చిన్నగా వినిపించింది.

"ఆయ్."

అంతే. మర్నాడు వంటింట్లోంచే, "అమ్మాయ్, పప్పులో ఉప్పు చాల్లేదే" అని నన్నే పిలిచి చెప్పారు. ఆ మాటకి ఎంత సంతోషించానో! సంచీ అటక మీద పెట్టేశాను. కానీ సాయంత్రం ప్రార్థనలో దేవుడికి కూడా మళ్ళీ చెప్పారు, అలవాటు మానలేక. నేనూ అలవాటుగానే ఆమెన్ అన్నాను, ఈసారి తెలిసే.

కోపాన్ని ఆవిడలా మోకాళ్ళ మీద చెప్పాలా, నాలా అరిచి చెప్పాలా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. అత్తయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక కూడా మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన జరుగుతూనే ఉంది. నా పులుసులో ఉప్పు ఇప్పటికీ ఒక్కోరోజు తగ్గుతూనే ఉంటుంది. నా పేరు పెట్టి దేవుడికి చాడీలు చెప్పేవాళ్ళే లేరు.