రీలులో ఒక్క బొమ్మ మిగిలింది: సూరత్‌లో బిగుసుకుపోయిన షట్టర్

సూరత్ చూడాలన్న సరదాతో వెళ్లలేదు, రాజవ్వ పిలిస్తే వెళ్లాను. ఆమె భర్త కనకయ్యది సిరిసిల్ల పక్కన మా ఊరే. చాలా ఏళ్లుగా సూరత్ అమ్రోలిలో పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. నేను వేదాంత పాఠశాల మొహం చూడకుండా, గ్రంథం చంకన పెట్టుకుని వాక్యం చెప్పుకుంటూ తిరిగేవాణ్ని. కనకయ్య కొండగట్టు అంజన్నకు మొక్కేవాడు. ఎదురుపడితే "పాస్టర్ సాబ్, ఇయ్యాల ఎవరిని నరకానికి తోలినవ్?" అని ఆటపట్టించేవాడు. అయినా మాది బావాబామ్మర్దుల వరస. కరోనా రెండో విడతలో అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. భార్యకు ముఖం కూడా చూపించలేదు. విడత కాస్త తగ్గాక రాజవ్వ ఫోన్ చేసింది. "అన్నా, రూము ఖాళీ చేస్తున్న. సామాన్లు మోసుడుకు గాదు, ఒక్క ఫోటువ తీసుడుకు రా."

వరంగల్‌లో అహ్మదాబాద్ వైపు వెళ్లే రైలు ఎక్కితే బల్హార్షా, భుసావల్ మీదుగా దాదాపు ఒక రోజు ప్రయాణం. అప్పట్లో జనరల్ బోగీకి కూడా రిజర్వేషన్ అడిగేవారు, ముందే చేయించుకోవడం నయం. స్లీపర్‌కి ఐదు వందల చిల్లర అయింది. సూరత్ స్టేషన్ బయట నుదుటి మీద గన్ పెట్టి జ్వరం చూసి వదిలారు. తాపీ నది దాటి అమ్రోలికి షేర్ ఆటోలో ఇరవై తీసుకునే చోట, ఇద్దరినే ఎక్కించాలన్న నియమం చెప్పి మనిషికి డెబ్బై అడిగారు.

మర్నాడు పొద్దున రాజవ్వ ఆ కెమెరా నా చేతిలో పెట్టింది. పాత రేంజ్‌ఫైండర్. కంటికి పెట్టుకుంటే ఒకే మనిషి రెండుగా కనిపిస్తాడు, రింగు తిప్పి ఇద్దరినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. కనకయ్య పాత సామాన్ల బజారులో కొన్నాడట. లోపల రీలుంది. మొదటి బొమ్మ అద్దం ముందు నిలబడి తనే తీసుకున్నాడు. తరవాత తనతో పనిచేసే ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. ఇక మిగిలింది ఒక్కటే.

"ఆఖరుది నాకన్నడు, మగ్గం కాడ నిలబెట్టి తీస్తనన్నడు," అంది రాజవ్వ.

"ఫోన్‌లో తీస్తే కాదా చెల్లె?"

"ఫోన్ల దిగుతే గాయినతోటి దిగినట్టు గాదన్నా. గా రీలుల గాయినున్నడు."

కెమెరా మెడకు తగిలించుకున్నాను. ఆ రాత్రికే మా తిరుగు రైలు.

కనకయ్య పనిచేసిన మగ్గాల షెడ్డు నడిచి వెళ్లేంత దూరం. గేటు దగ్గర కాపలావాడు పిచికారీ సీసాతో నిలబడి ఉన్నాడు. మా ముందే షెడ్డు యజమాని సేఠ్ గారి కారు అద్దాలైనా దించకుండా లోపలికి పోయింది. దానికి సలాం కొట్టాడు. మా దగ్గరికి వచ్చేసరికి చేతుల మీద, చెప్పుల మీద, రాజవ్వ సంచీ మీద, నేను వద్దు వద్దంటున్నా కెమెరా కంటి మీద కూడా నాలుగైదు సార్లు సానిటైజర్ కొట్టాడు. "ఇస్కా ఆద్మీ కరోనా సే గయా నా," అన్నాడు పైగా, ఈమె మొగుడు కరోనాతోనే పోయాడు కదా అని, ఆమె అక్కడే నిలబడి ఉండగా. గిన్నె పైపైన తోమి లోపలి మురికిని వదిలేసేవాళ్లను ప్రభువు వేషధారులన్నాడని హిందీలో చెప్పబోయాను. నా హిందీ చాలలేదు. కోపం మాత్రం చాలినంత ఉంది.

లోపల రాజవ్వను మగ్గం పక్కన నిలబెట్టి మీట నొక్కాను. వేలికి మెత్తగా ఏదో తగిలి ఆగిపోయింది. రీలు జరిపే లివర్ తిరగదు. కటకం వెనక రేకులు మూసినవి మూసినట్టే ఉన్నాయి.

"ఏందన్నా, పడ్డదా?" అని రాజవ్వ దగ్గరికొచ్చి నా చెవిలో అరిచింది.

"పడలేదమ్మా. బిగుసుకుంది."

రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల వెనక గల్లీలో పాత కెమెరాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడని షెడ్డులో ఓదెలు అనే కార్మికుడు చెప్పాడు. ఆటోకి నూట యాభై. అందరూ కాకా అని పిలిచే ఆ పెద్దమనిషి కౌంటర్ మీద ప్లాస్టిక్ పరదా వేలాడదీసుకుని కూర్చున్నాడు. ఎక్కడి నుంచి అని అడిగాడు. అమ్రోలి, మగ్గాల షెడ్డు అనగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నహీ, మై హాథ్ నహీ లగావుంగా."

నాకు ఒళ్లు మండింది. కుష్ఠురోగిని ఊరే వెలివేస్తే ప్రభువు చెయ్యి చాచి ముట్టుకున్నాడే, నువ్వు ఒక ఇనుప డబ్బాను ముట్టుకోలేవా అని వచ్చీరాని హిందీలో గల్లీ అంతా వినబడేలా అడిగాను. కాకా తొణకలేదు. వాళ్లింట్లో ఇద్దరు పోయారట. "నేను ముట్టను. కానీ నోరు పనిచేస్తుంది. నేను చెప్తా, మీరు చెయ్యండి," అన్నాడు హిందీలో. నా చేతుల వైపు చూసి, "నువ్వు కాదు. కోపంతో వణికే చెయ్యి పనికిరాదు. బెహన్‌కి ఇవ్వు."

చీరలకు మెరుపు రాళ్లు అంటించి బతికిన చేతులు రాజవ్వవి. పరదా అవతలి నుంచి కాకా చెప్పడం, ఆమె నాకు తెలుగు చేస్తూ చెయ్యడం. లోపల ఏళ్లనాటి నూనె ఉంటుందట. సానిటైజర్ దాన్ని కరిగించి రేకుల మీదికి దింపింది, ఆరాక అది జిగురైంది. రేకులు మూసే ఉన్నాయి కాబట్టి రీలుకు వెలుగు తగల్లేదు. రబ్బరు బిరడాతో ముందు కటకం తిప్పి తీయించాడు. పక్క చీరల దుకాణంలో మరకలు తీసే వైట్ పెట్రోల్ మూతెడు అడుక్కొచ్చాను. దూది పుల్ల దాంట్లో ముంచి ఒక్క చుక్క రేకుల మీద.

"జల్దీ కప్పు, కప్పు! తెరుచుకుంటే ఆఖరి బొమ్మ గోవిందా!" అని కాకా అరిచాడు.

మందపాటి నల్లగుడ్డ కప్పి కూర్చున్నాం. కాసేపటికి గుడ్డ కింద 'టిక్' మంది, రేకులు తెరుచుకుని మూసుకున్నాయి. ఆపైన అడుగున ఉన్న రివైండ్ బటన్ నొక్కి పట్టి లివర్ తిప్పమన్నాడు. అలా తిప్పితే రీలు ముందుకు జరగదు. ఆమె తిప్పడం, నొక్కడం, మళ్లీ చుక్క, మళ్లీ గుడ్డ. చూడ్డానికి వీల్లేదు, చెవే దిక్కు. ప్రతిసారీ టిక్ మని వినపడింది. కటకం మళ్లీ బిగించింది. అయినా కాకా హామీ ఇవ్వలేదు. మళ్లీ అంటుకోవచ్చు, నొక్కినప్పుడు చెవి పెట్టి వినండి, టిక్ మంటే పడ్డట్టు, లేకపోతే లేదు, అన్నాడు. చెప్పినందుకు వంద రూపాయలు కౌంటర్ మీద పెట్టించుకుని, ఆ నోటు మీద కూడా స్ప్రే కొట్టాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

షెడ్డుకు వచ్చేసరికి నాలుగు దాటింది. ఈసారి కెమెరాను నా చొక్కా లోపల పెట్టుకుని గేటు దాటాను. రాజవ్వ మగ్గం పక్కన నిలబడింది. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. డెబ్బై ఎనభై మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే పక్కమనిషి అరుపే వినబడదు, కెమెరాలో ఆ చిన్న చప్పుడు ఎలా వినబడుతుంది? పడిందో లేదో తెలియకుండా ఈమెను రైలెక్కించాలా?

సూపర్‌వైజర్ దగ్గరికి పోయి ఒక్క నిమిషం ఆపించమన్నాను. నేసిన మీటర్ల లెక్కన పని, ఆపితే సేఠ్ ఊరుకోడు, అన్నాడు. "ఏడో దినాన దేవుడే పని ఆపాడయ్యా, నీ సేఠ్ ఒక్క నిమిషం ఆపలేడా?" అని అతని చెవిలో అరిచాను. అతను బయటికి దారి చూపించాడు. కనకయ్య పోయిన రోజు కూడా ఈ షెడ్డు ఆగలేదని ఓదెలు పొద్దున చెప్పిన మాట నా గుండెలో మండుతోంది.

రాజవ్వ మా కొట్లాట చూడనైనా చూడలేదు. నేరుగా ఓదెలు దగ్గరికి పోయి భుజం తట్టి, చెవి దగ్గర గట్టిగా అడిగింది. "తమ్మీ, జర ఆపుతవా? ఫోటువ చప్పుడు ఇనాలె."

ఓదెలు ఆమె ముఖం చూశాడు. చెయ్యి చాచి తన మగ్గాలు ఆపాడు. పక్కవాడికి సైగ చేశాడు. ఆ పక్కవాడు, వాడి వెనకవాడు. ఒడియా అబ్బాయిలకు మా భాష తెలియదు, వాళ్లూ ఆపారు. సూపర్‌వైజర్ "అరే, క్యా కర్ రహే హో!" అని అరుస్తుంటే ఆ అరుపు ఉన్నకొద్దీ స్పష్టంగా వినబడసాగింది, చివరికి షెడ్డు మొత్తంలో అదొక్కటే మిగిలింది. అతనికే సిగ్గేసినట్టుంది, ఆపేశాడు.

రాజవ్వ మాస్కు తీసేసింది. ఇద్దరు రాజవ్వలను ఒకటి చేసి నొక్కాను.

టిక్.

"ఇన్నవా అన్నా?" అంది. అందరూ విన్నారు.

రీలు హైదరాబాద్‌లో కడిగించాం. షెడ్డులో తీసిన మిగతా బొమ్మలన్నిటిలో మనుషుల వెనక నడుస్తున్న మగ్గాలు అలికేసినట్టు ఉన్నాయి. ఈ ఒక్కదానిలో దారాలు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. ఆ నిమిషానికి కూలి కోశారని తరవాత ఓదెలు ఫోన్‌లో చెప్పాడు. "పోనియ్యన్నా, గంతే గదా," అన్నాడు. అంతే ఎలా అవుతుంది? సూరత్‌లో సీసాల కొద్దీ సానిటైజర్ చల్లి శుభ్రం చేసుకున్నవాళ్లెవరూ ఆ తల్లి దగ్గరికి ఒక్క అడుగు వేయలేదు. కూలి పోగొట్టుకున్నవాళ్లు వేశారు. నేను ఎన్ని సభల్లో గొంతు చించుకున్నా అంత మంచి ప్రసంగం చెయ్యలేదు. వాళ్లు నోరైనా విప్పలేదు. ఇది రాస్తుంటే నా కోపం చల్లారలేదు, చల్లారాలని ప్రార్థించడమూ లేదు.

పాత కెమెరా పట్టుకుని అటు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. కెమెరాను గుడ్డతో తుడవండి తప్ప దాని మీద ఎవరినీ ఏదీ కొట్టనివ్వకండి. షట్టర్ మీద అనుమానముంటే చెవిని నమ్మండి. చుట్టూ మగ్గాలు మోగుతుంటే ఆపమని అడగండి, కానీ సూపర్‌వైజర్‌ని కాదు, మగ్గం ముందు నిలబడ్డవాణ్ని అడగండి.