నాగక్కవ్వ ఇంట్లో బొమ్మల పెండ్లి

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి, పల్లె బడిలో ఐదో తరగతి దాకానే చదివాను. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోటో తీసి ఇక్కడ పెడతానంది. మన్నించి చదువుకోండి.

మా చిన్నప్పుడు... ఉరవకొండ పక్క పల్లెలో, మా వీధి చివర నాగక్కవ్వ ఒక్కతే ఉండేది. మాకు చుట్టం కాదు. మొగుడు పోయి చాలా ఏళ్ళు, పిల్లల్లేరు. మా అమ్మ, నాయన చెనిక్కాయ (వేరుశెనగ) చేలకు కూలికి పోతే, నేను బడి వదలగానే అవ్వ ఇంటికి చేరేవాణ్ణి. నా ఈడు పిల్లలతో ఆడాలంటే మాట్లాడాలి కదా... నాకు నోరు పెగిలేది కాదు. అవ్వ దగ్గర మాట్లాడకపోయినా జరిగిపోయేది.

అప్పటికి రెండేళ్ళుగా సరైన వాన లేదు. తాగే నీళ్ళు దూరపు బావి నుంచి మోసుకురావాలి. అయినా అవ్వ ఇంటి వెనక పచ్చగా ఉండేది... కనకాంబరాలు, చిక్కుడు తీగ, నాలుగు వంగ చెట్లు. ఏ రోజు ఏ చెట్టు మొదట్లో ముఖం కడుక్కోవాలో ఆమెకు ఒక వంతు ఉండేది.

"ఈపొద్దు వంగచెట్టు కాడ కడుగురా. చిక్కుడు నిన్న తాగింది గదా" అనేది. ఇద్దరం చెట్టు మీదికి వంగి ముఖాలు కడుక్కునేవాళ్ళం.

ఆ ఏడు చిక్కుడు బాగా పూసింది. అవ్వకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "బొమ్మల పెండ్లి చేద్దామురా. వీధి పిల్లోల్లనంతా పిలుద్దాం" అంది.

పాత గుడ్డలు చుట్టి పెండ్లికొడుకును, పెండ్లికూతురిని కుట్టింది. ధర్మవరంలో మగ్గం నేసే ఆమె తమ్ముడు పంపిన పట్టుపోగులతో పెండ్లికూతురికి జడ అల్లింది. ఆమెకు కండ్లు సరిగా ఆనేవి కావు, సూదిలో దారం ఎక్కించడం నా పని. నాలుగు రోజులు అదే పని... మా ఇంటికే పెండ్లి వచ్చినట్టు ఉండేది నాకు.

మా వీధిలో పిలుపు అంటే, గడప దగ్గర నిలబడి అక్షింతలు చేతికిచ్చి, ఫలానా పొద్దుకు మా ఇంటికి రండి అని నోటితో చెప్పాలి. తెల్లవారగానే అవ్వ పసుపు బియ్యం, కనకాంబరాలు ఒక తట్టలో, అంటే పళ్ళెంలో, పెట్టి నా చేతికిచ్చింది.

మొదటి ఇంటి ముందు ఎంతసేపు నిలబడ్డానో... లోపల హనుమక్క ఎవరినో కసురుతోంది. చిటికెడు బియ్యం, ఒక పువ్వు గడప మీద పెట్టి వచ్చేశాను. మిగిలిన ఆరిళ్ళలోనూ అంతే చేశాను.

"అందరికీ చెప్పినావా?" అంది అవ్వ.

"ఊ" అన్నాను.

బెల్లం పాయసం చేసింది. చెనిక్కాయలు ఉడకేసింది. చిక్కుడు పందిరి కింద చాప పరిచి బొమ్మలను కూర్చోబెట్టాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎవరూ రాలేదు.

"నీళ్ళు పోసుకొని వస్తారులేరా" అంది అవ్వ.

వచ్చింది పిల్లలు కాదు, వాళ్ళ అమ్మలు. ముందు హనుమక్క.

"ఏమవ్వా, మా గడపల మీద పసుపు బియ్యం పెట్టిండేది ఎవురు? ఈ పూలు నీ ఇంటెనక తప్ప ఊర్లో యాడుండాయి? తెల్లార్నుంచీ మా చిన్నోడికి ఒళ్ళు కాలిపోతాండాది."

అవ్వ నా వైపు చూసింది. ఒక్కసారే. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"నేనేనమ్మా. పిల్లోల్లను బొమ్మల పెండ్లికి పిలుద్దామని పెడితి. పాయసం చేసినా, పంపండి."

"పిలిచేదానివి నోరు లేదా నీకు? చెప్పకుండా పెట్టిపోతే అది పిలుపా, చేతబడా?"

వెనక నుంచి ఇంకొకామె, "పాయసమంట. తినేసినాక వాళ్ళ గతేమి?" అంది.

"నేనే పెట్టినా"... రెండే మాటలు. బయటికి రాలేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. అవ్వ పాయసం రెండు తట్టల్లో పోసింది. "ఎక్కువ చేసినా. ఇంకొంచెం పోసుకో" అంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేవాణ్ణి... అంతటితో పోయేది.

సాయంత్రానికి మా అమ్మ చెవిన పడింది. "ఆ ఇంటి తట్టు పోతివా, కాళ్ళిరగ్గొడతా" అంది. అమ్మకు రేపు చెబుదాం అనుకున్నాను. మరుసటి రోజు కూడా రేపే అనుకున్నాను. ఆలస్యమయ్యే కొద్దీ నా తప్పు పెద్దదైపోయింది.

వీధిలో అవ్వను పలకరించడం మానేశారు. హనుమక్క కొడుక్కి మూడో రోజే జ్వరం తగ్గింది... అయినా మాట తగ్గలేదు. ఎండలు ముదిరేసరికి కనకాంబరాలు ఎండిపోయాయి. ఒక్క మనిషి ముఖం కడుక్కుంటే ఎన్ని చెట్లు బతుకుతాయి...

ఒక రోజు బడి ముందు అవ్వ ఎదురైంది. చంకన మూట. ధర్మవరం, తమ్ముడింటికి పోతోంది. నన్ను చూసి ఆగింది.

"పోయొస్తానప్పా."

నేను తలెత్తలేదు. అవ్వ బస్సు దారి పట్టింది. మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు పోయిందని విన్నాను.

ఇప్పుడు పిల్లల పుట్టినరోజంటే ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే అందరికీ పిలుపు అందుతుంది. ఎవరి గడపా తొక్కే పని లేదు. నాలాంటివాళ్ళకు అదీ మంచిదేనేమో... కానీ నేను ఆ కాలంలో పుట్టాను.

మా వీధివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... ఆ పొద్దు మీ గడప మీద పెట్టింది నేను. అవ్వ కాదు.

ఆమె మీకు గుర్తుంటే ఒక్క మాట రాయండి. తొందరగా రాయండి... ఆమెను చూసినవాళ్ళం ఇప్పుడు ఎంతోమంది లేము.