ముల్లు ఎనిమిది మీద

అద్దకం మిల్లులో బాయిలర్ మేస్త్రికి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆవిరి కొలిచే ముల్లును ఎనిమిది మీద నిలబెట్టడమే ఆయన పని. ఈ ఏడాది మంచి బొగ్గు రావడం మానేసింది. దాని బదులు కుట్టు కార్ఖానా పారేసే నూనెగుడ్డ పీలికలు బస్తాలకొద్దీ వచ్చిపడుతున్నాయి. మండితే ఒకటే కమురు. అన్నం ముద్ద ఎత్తినా అదే కంపు.

"ముల్లు ఎనిమిది మీదే ఉందిగా మేస్త్రీ, ఇంకేం కావాలి?" అనేవాడు మేనేజరు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

వారానికోసారి పొయ్యి ఆర్పి గొట్టాల్లో మసి దులపాలి. ఈ చెత్తతో ఒకసారి ఆపితే ముల్లు మళ్లీ లేవదని భయపడి, మేస్త్రి నెలన్నరగా దులపలేదు. రెట్టింపు పారలు వేసి నెట్టుకొచ్చాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్లవాపు.

భార్య పోరు పడలేక ఆస్పత్రికి వెళ్లాడు.

"బీపీ ఎన్నాళ్ల నుంచి?" అంది డాక్టరమ్మ.

"చాన్నాళ్లయిందమ్మా. పని ఆగలేదు కదా అని..."

"బిళ్లలు బీరువాలో దాచుకున్నారండీ, బంగారంలా," అంది భార్య.

డాక్టరమ్మ నవ్వలేదు. "గుండె ఎక్కువగా కొవ్వును మండించుకుని బతుకుతుంది. ఏళ్లతరబడి భారం పడితే దారి మార్చి చక్కెర మీద పడుతుంది. కొన్నాళ్లు అలా గడుపుకొస్తుంది. రానురాను శక్తి చాలదు. పైకి మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది."

"అంటే ముల్లు ఎనిమిది మీదే ఉంటుంది," అన్నాడు మేస్త్రి.

ఆమెకు అర్థం కాలేదు. బాయిలర్‌లోకి పారతో బొగ్గు ఎగదోసే పనని భార్య చెప్పాక, "రెండు నెలలు పార ముట్టుకోకండి," అంది.

ఇంటికి పోతూ మిల్లుకు వెళ్లి పొయ్యి ఆర్పేశాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి గొట్టాలు దులుపుతుంటే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఆవిరేదీ? మీ చేతి చలవతోనే కదా నడుస్తోంది! ఇనప గుండె మనిషి మీరు!"

ఆ పొగడ్త మేస్త్రికి రోత పుట్టించింది. ఇరవై రెండేళ్లు ఆ మాటకే పొంగిపోయిన తనను చూసుకుంటే ఇంకా రోత. గొట్టంలోకి బ్రష్షు తోసి లాగాడు. జిడ్డు మసి గడ్డలుగా ఊడి మేనేజరు బూట్ల మీద పడింది.

"ఛీ! మళ్లీ ముట్టించేదెప్పుడు?"

"మంచి బొగ్గొచ్చాక. ముట్టించేది మాత్రం నేను కాదు."

బ్రష్షును పార పక్కనే గోడకు ఆనించి కుళాయి దగ్గరకు వెళ్లాడు. మూడుసార్లు సబ్బు రుద్దినా గోళ్లకింది నలుపు పోలేదు. ఆ చేత్తోనే జేబులోంచి బీపీ బిళ్ల తీసి, మొహం చిట్లించి మింగాడు.